ఏసీలో పెట్టిన టైర్లు

పోయిన వారం పేరయ్యని తుమ్ముతూ వదిలేశాం. ఆయన ఒక్కడే కాదు. కారు వెనక సీట్లో కూర్చున్న ఆయన భార్య బసవమ్మ, షాపు గుమ్మంలో నిలబడ్డ స్తుతి, పక్క బడ్డీలో టీ తాగుతున్న లారీ డ్రైవర్లు, అందరూ ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. పేరయ్య తన కారు వెనక తలుపు ఎత్తగానే మొదలైన తుమ్ములవి. లోపల ఏముందో చెప్పకుండా ఆపేశానని వారమంతా నన్ను తిట్టుకున్నవాళ్ళుంటే ఇదిగో, చెప్పేస్తున్నాను. నాలుగు టైర్లు. ఒక్క రోజు కూడా రోడ్డు మీద తిరగనివి, గాడులు ఏమాత్రం అరగనివి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి ఇంకొక్క మాట చెప్పాలి. సత్తెనపల్లిలో నరసరావుపేట రోడ్డు మీద ముప్పై ఏళ్ళు టైర్ల షాపు నడిపిన బాలస్వామి, మోకాలి ఆపరేషన్ చేయించుకుని షాపు కూతురు స్తుతి చేతిలో పెట్టాడు. ఊరికే పెట్టలేదు, మూడు నెలలు గడువు పెట్టాడు. "నా పాత మనుషుల్లో ఒక్కరు కూడా అలిగి పోకూడదు. ఒక్కరు పోయినా షట్టరు దించి సెల్‌ఫోన్ల వాళ్ళకి అద్దెకిచ్చేస్తా" అన్నాడు. ఇవాళ ఎనభై ఆరో రోజు. ఇంకో నాలుగు రోజులు గడిస్తే షాపు స్తుతిది. బాలస్వామి పాత మనుషుల్లో అందరికన్నా పాత మనిషి పేరయ్య. అందరికన్నా తొందరగా అలిగేదీ ఆయనే.

"ఈ నాలుగూ ఎక్కించి, గాలి చూసి, అలైన్‌మెంట్ చేసెయ్ అమ్మాయ్," అన్నాడు పేరయ్య, తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ. "రేపు తెల్లారగట్ట తిరపతి పోతన్నాం. మనవరాలికి పుట్టెంటికలు తీయించాలి. చంటిదాంతో కలిపి ఎనిమిది మందిమి."

"బయట కొన్నారా బాబాయ్?" స్తుతి గొంతులో కాస్త కినుక ధ్వనించింది.

"బయటేందమ్మాయ్! మీ షాపులోయే. మీ నాన్న చేత్తో ఇచ్చినయ్యే."

స్తుతికి ఇరవై ఆరేళ్ళు. ఈ షాపులో ఏ నెలలో ఏ సరుకు దిగిందో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. ఈ రకం టైరు మాత్రం ఆమెకి గుర్తు రాలేదు. ఒక టైరు కిందకి దింపి, పక్క గోడ మీద వేలు పెట్టి అంకెలు వెతికింది. నాలుగు అంకెలు దొరికాయి. మూడు, రెండు, ఒకటి, అయిదు.

"బాబాయ్, ఇది రెండువేల పదిహేనులో ముప్పై రెండో వారం తయారైంది. పదేళ్ళు దాటిపోయింది."

"అయితే?"

"అయితే ఏంటండీ? టైరుకి పదేళ్ళంటే పనికిరానట్టే. తిరిగినా అంతే, తిరక్కపోయినా అంతే."

పేరయ్య నవ్వాడు. చిన్నపిల్ల తెలియక మాట్లాడితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది. ఆ నవ్వు చూస్తేనే స్తుతికి ఒళ్ళు మండింది, కానీ ఎనభై ఆరో రోజు కదా, కోపం దిగమింగింది.

"ఆ తేదీ ఎండకి పడి ఉన్నవాటికమ్మాయ్. ఇయ్యి ఏసీలో ఉన్నయ్."

ఏసీ అంటే పేరయ్య ఇంట్లో గోడకి తగిలించిన మిషను కాదు. గుంటూరు చుట్టుపక్కల మిరప రైతు కోల్డ్ స్టోరేజీని ఏసీ అనే అంటాడు. రేటు లేని ఏడాది కాయ టిక్కీలనే గోతాలకెత్తి ఏసీలో పడేస్తాడు. ఏడాది తర్వాత సంచి విప్పితే కాయ ఎర్రగా, పెట్టిననాటి రంగుతోనే బయటికొస్తుంది. నలభై ఏళ్ళుగా ఈ వింత చూస్తున్న పేరయ్యకి, ఏసీలో పెట్టిన వస్తువుకి వయసు రాదని గట్టి నమ్మకం. రేటు బాగా పలికిన ఏడాది ఒకటుంది, ఆ ఏడాది ఉత్సాహం పట్టలేక ఒకేసారి అయిదు టైర్లు కొనేశాడు. కారుకున్నవి ఇంకా అరగలేదు. వీటినేం చేయాలి? టిక్కీల మధ్యన పెట్టించాడు. కోల్డ్ స్టోరేజీ మేనేజరు ఆయన బావమరిది కాబట్టి కాదనేవాళ్ళు లేరు. ఇంత తెలివైన పని ఈ జిల్లాలో ఇంకెవరూ చేసి ఉండరని ఆయనకి లోపల గర్వం కూడా ఉంది.

"చల్లదనం మంచిదే బాబాయ్, నేను కాదనను," అంది స్తుతి ఓపిగ్గా. "రబ్బరు ముసలిదవడం కాస్త నెమ్మదిస్తుంది. అంతేగానీ ఆగదు. పైగా మే నెల. తిరుపతి దాకా రోడ్డు పెనంలా కాలిపోతుంటుంది. ఎనిమిది మంది బరువు. చంటిపిల్ల. ఇవి నేను ఎక్కించలేను."

"ఎక్కించలేవా, ఎక్కించవా?"

"ఎక్కించను."

పక్క బడ్డీలో టీ గ్లాసుల చప్పుడు ఆగింది. పేరయ్య మొహం మారింది. తలుపు పట్టుకుని కిందకి లాగబోయాడు.

"సరే. రోడ్డుకి అవతల ఇంకో షాపు లేకపోలేదు. ఈ గడపలో ముప్పై ఏళ్ళ నుంచీ నాకు కాదన్న మాట లేదు. ఇవాళ విన్నా. ఇంక చాలు."

స్తుతి లెక్కేసుకుంది. నాలుగు రోజులు. ఒక్క నాలుగు రోజులు ఆగితే షాపు తనది. సరేనని ఎక్కించి పంపేస్తే ఎవరికి తెలుస్తుంది? తిరుపతి వెళ్ళి క్షేమంగా రావచ్చు కూడా. అలా అనుకుంటూనే కారులోకి చూసింది. వెనక సీట్లో, బసవమ్మ పక్కన, రేపటి ప్రయాణం కోసం అప్పుడే బిగించిన చంటిపిల్ల సీటు కనిపించింది. దానికి ఎర్రటి బుడగలున్న గుడ్డ కుట్టి ఉంది.

"అవతల షాపులో అడిగినా నేనొచ్చి ఎక్కించొద్దని చెప్తాను బాబాయ్," అంది.

"ఓహో! అంత తెలిసినదానివైతే మీ నాన్ననే అడుగు. ఏసీలో పెట్టమన్న సలహా ఎవరిదనుకున్నావ్? మీ నాన్నదే!"

ఆ మాటకి సమాధానం చెప్పాల్సిన మనిషి చేతికర్ర టకటకలాడించుకుంటూ షాపు వెనకున్న ఇంట్లోంచి అప్పుడే వస్తున్నాడు. గుమ్మంలోకి రాగానే రెండుసార్లు తుమ్మాడు.

"నాన్నా, టైర్లు ఏసీలో పెట్టమని పేరయ్య బాబాయ్‌కి నువ్వు చెప్పావా?"

బాలస్వామి కూతురి మొహం చూశాడు, పేరయ్య మొహం చూశాడు, టైర్ల వైపు చూశాడు.

"చల్లగా, చీకటిగా ఉన్న చోట పెట్టమన్నా. అది కరెక్టే కదమ్మా."

"ఎన్నాళ్ళు పెట్టొచ్చో చెప్పావా?"

"అడగలేదు. చెప్పలేదు."

బాలస్వామి కుర్చీ లాక్కుని కూర్చుని, టైరు మీద అరచెయ్యి తిప్పాడు. లోతైన గాడుల్లో బొటనవేలు దూర్చి చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన టైరు చూసే పద్ధతి అదొక్కటే. "గాడుల మధ్య బటన్లు చూడు, ఒక్కటి కూడా అరగలేదు. ఎక్కించి పంపించెయ్యమ్మా. పేరయ్య గారు మనకి కావాల్సిన మనిషి."

"విన్నావా?" అన్నాడు పేరయ్య.

స్తుతికి ఏడుపొచ్చినంత పనైంది. కస్టమరు కాదంటే తట్టుకోవచ్చు. సొంత తండ్రే కాదంటే ఎవరికి చెప్పుకోవాలి? ఆమె టైరుని వెలుగులోకి దొర్లించి, రెండో పక్కకి తిప్పింది.

ఒక పక్క నల్లగా నిగనిగలాడుతోంది. రెండో పక్క బూడిద రంగు. అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. రెండో టైరు తీసింది. అదీ అంతే. గాడుల్లో గోరుతో గీకితే పసుపుపచ్చ మిరప గింజలు రాలాయి. వాటితో పాటు సన్నటి నీలం పోగు ఒకటి వచ్చింది. ఆ పోగుని పైకెత్తి చూపించింది.

"బాబాయ్, ఏసీలో సూర్యుడుంటాడా?"

"ఏందమ్మాయ్ నీ ఎటకారం?"

"ఇవి ఎండలో పడి ఉన్నాయి. ఒక్కసారి కాదు, చాలాసార్లు. ఎప్పుడూ ఒకే పక్క ఆకాశం వైపు పెట్టి ఉన్నాయి. ఈ నీలం పోగు టార్పాలిన్ పట్టది."

"నా టైర్లు ఎండ మొహం చూడలేదు. మా పుల్లారెడ్డిగూడెం కల్లం మీద ఒట్టేసి చెప్తా," అన్నాడు పేరయ్య.

కల్లం మాట వినపడగానే కారులోంచి దగ్గు వినిపించింది. తుమ్ము కాదు, దగ్గు. బసవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ అవతలి వైపు చూస్తోంది. పెళ్ళయి నలభై ఏళ్ళయిన మొగుడికి ఆ దగ్గుకి అర్థం తెలియకుండా ఉంటుందా?

"ఏందే?"

"ఏం లేదు."

"బసవా!"

"అబ్బ, అరవకయ్యా. నేనే పెట్టా," అంది బసవమ్మ కారు దిగుతూ. "కాయ మొత్తం అమ్మాక ఏసీ ఖాళీ చెయ్యమంటారా, టైర్లు ఇంటికొచ్చేయి. మా కల్లంలో కాయ ఆరబోసి ఉండేది. గాలి దుమారానికి పట్టలు లేచిపోతంటే నల్లరేగడి చేలో రాయి ఏడ దొరుకుద్ది? బరువుగా, గుండ్రంగా ఇంచక్కా ఉన్నయ్ గందా, మూలకొకటి పెట్టా. కొత్త టిక్కీలు ఏసీకి పోయేటప్పుడు తుడిచి మళ్ళీ లోపల పెట్టించా. నువ్వు మిర్చి యార్డులో రేట్లు చూసుకుంటా ఉంటివి, నీకేం తెల్సు!"

"ఎన్నేళ్ళు?"

"ప్రతేడూ."

లారీ డ్రైవర్లు టీ గ్లాసులు కింద పెట్టేసి మరీ నవ్వారు. పదేళ్ళ గర్వం పేరయ్య మొహంలోంచి దిగిపోవడం అందరికీ కనిపించింది. ఎవరికైనా జాలేస్తుంది, కానీ నవ్వు ఆపుకోవడం నావల్ల కూడా కాలేదు.

స్తుతి మాత్రం నవ్వలేదు. బూడిద రంగు పక్కని రెండు చేతులతో నొక్కి వంచింది. వంపు దగ్గర సన్నటి పగుళ్ళు విచ్చుకున్నాయి. ఫోనులో ఫోటో తీసి, పెద్దది చేసి ముందు తండ్రికి చూపించింది. బాలస్వామి చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"పేరయ్య గారూ," అన్నాడు నెమ్మదిగా. "తప్పు నాది. ముప్పై ఏళ్ళు అరుగుదల చూశానే గానీ వయసు చూళ్ళేదు. ఎండ తగలకపోయినా ఇవి వేసుకుని మీరు తిరపతి వెళ్ళకూడదు. అమ్మాయి మాటే రైటు."

అందరి ముందూ ఆ మాట అన్నాడు. స్తుతికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిరప ఘాటు ఉండబట్టి సరిపోయింది, ఎవరూ గుర్తుపట్టలేదు.

ఇంక పేరయ్యకి అలగడానికి ఏం మిగిలింది? బసవమ్మ మీద అలగాలంటే రేపు ఎనిమిది మందికి పులిహోర చేసేది ఆమే. కాసేపు తువ్వాలు దులిపి, "సరే, కొత్తయ్యే చూపించు," అన్నాడు.

చూపించడమేమిటి, ఆయనే లోపలికెళ్ళి పెద్ద పెద్ద దిమ్మల్లాంటి బటన్లున్న టైరు మీద చెయ్యేశాడు. చేలోకి పోయినా దిగబడదని ఆయన లెక్క.

"ఏడాదిలో ఎన్నాళ్ళు బురదలో తిరుగుతారు బాబాయ్?"

"వానల్లో ఓ నెల."

"మిగతా పదకొండు నెలలు తారు రోడ్డేగా? నెల రోజుల బురద కోసం పదకొండు నెలలు ఆ మోత వింటారా? బ్రేకు కూడా తారు మీద అంత బాగా పట్టదు. ఇదిగో, ఇది చూడండి. గాడులు నిండుగా ఉన్నాయి, వాన నీళ్ళు పక్కలకి పోతాయి. సైజు మీ బండి తలుపు మీద రాసిందే. బరువు మోసే నంబరు కూడా సరిపోయింది. మీరు మనుషుల్నే కాదు, టిక్కీలు కూడా కుక్కుతారని నాకు తెలుసు."

"రెండు మార్చితే చాలదా?"

"కారుకున్న నాలుగూ నున్నగా అయిపోయాయి. రెండే మార్చాల్సి వస్తే వెనక వేసేదాన్ని, వానలో వెనకభాగం జారకుండా. ఇప్పుడు నాలుగూ మార్చాల్సిందే."

పేరయ్య ఇప్పుడు కొత్త విద్య నేర్చిన మనిషి. కళ్ళజోడు పెట్టుకుని ప్రతి టైరు మీదా అంకెలు వెతకడం మొదలుపెట్టాడు. వంకాయలేరినట్టు ఒకటి పక్కకి తోసేశాడు. "ఇది ఆర్నెల్ల నాటిదమ్మాయ్. తాజాది తియ్."

"ఆర్నెల్లంటే పసిది బాబాయ్!"

"మనవరాలికీ ఆర్నెల్లే. అయితే ఉంచు," అన్నాడు. ఎందుకో ఆ లెక్క ఆయనకి బాగా నచ్చింది. "ఎన్నాళ్ళొస్తయ్?"

"నెలకోసారి గాలి చూయించుకుని, పదివేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మారిస్తే, మీ వాడకానికి నలభై వేల పైనే వస్తాయి. అరిగినా అరక్కపోయినా అయిదేళ్ళు దాటాక ఏడాదికోసారి తెచ్చి నాకు చూపించాలి. పదో ఏట మాత్రం చూడను కూడా చూడను, పీకేస్తా."

"అయితే మిరపకాయ కన్నా టైరే నయం. కాయకి రేటు ఎప్పుడొస్తదో ఎవుడూ చెప్పలేడు, దీనికి తేదీ అన్నా రాసుంది. అది సరే, పదో ఏట నువ్వుంటావా ఈ షాపులో?"

స్తుతి తండ్రి వైపు చూసింది. బాలస్వామి జేబులో చెయ్యి పెట్టి షట్టరు తాళంచెవి తీశాడు. మూడు నెలలుగా పొద్దున తనే ఇచ్చి, సాయంత్రం తనే తీసుకుంటున్న తాళంచెవి.

"ఉంటది. ఇంకో నాలుగు రోజులు ఎందుకులే," అని ఆమె చేతిలో పెట్టాడు. "సెల్‌ఫోన్ల వాళ్ళని ఇంకో చోటు చూసుకోమని చెప్తా."

స్తుతి తాళంచెవి గుప్పిట్లో బిగించి పట్టుకుంది. థాంక్స్ చెప్పబోయి, గిరుక్కున తిరిగి జాకీ తెచ్చి కారు కింద పెట్టింది.

పాత టైర్లు నాలుగూ గోడకి ఆనించి పెడుతుంటే బసవమ్మ లెక్కపెట్టింది. "ఇంక దొంగచాటుగా కాకుండా దర్జాగా పట్టల మీద పెట్టుకుంటా," అంది. తర్వాత ఆగింది. "ఏందయ్యా, నాలుగే ఉన్నయ్? కొన్నది అయిదు కదా?"

పేరయ్య బాలస్వామి వైపు చూశాడు. బాలస్వామి చేతికర్ర వైపు చూసుకున్నాడు.

"నాన్నా?"

"పోయిన శనివారం నువ్వు సరుక్కి గుంటూరెళ్ళావు కదమ్మా. పేరయ్య గారు నా మోకాలు చూడ్డానికొచ్చారు. అందరూ పళ్ళు తెస్తారు, ఈయన టైరు తెచ్చారు. చర్చి బండికీ అదే సైజు. దాని స్టెప్నీ రిమ్ముకి టైరు లేదని మార్క్ గోల పెడుతున్నాడు, బిగించి ఇచ్చా..."

మార్క్ స్తుతి తమ్ముడు. చర్చి బండి తోలేది అతనే. ఆ బండి ఈ ఉదయం ఏడింటికి ఒంగోలు బయల్దేరింది. పదకొండింటికి అక్కడ పాటల పోటీ. లోపల మార్క్ కాక పాడే ఆడవాళ్ళు ఏడుగురు, వాళ్ళ ముందుండి పాడించే స్తుతి తల్లి సంతోషకుమారి ఉన్నారు.

"స్టెప్నీకే కదమ్మా," అన్నాడు బాలస్వామి గబగబా. "చక్రానికి కాదు. వెనక సీటు వెనకాల ఊరికే పడుంది. సాయంత్రం రాగానే తీసేద్దాం."

స్తుతి ఊపిరి పీల్చుకుంది. పేరయ్య కూడా. బసవమ్మ అయితే పైకే "అమ్మయ్య" అంది. ఎందుకైనా మంచిదని స్తుతి తల్లికి ఫోను చేసింది. నాలుగుసార్లు మోగాక ఎత్తారు. హలో కన్నా ముందు పాట వినిపించింది, ఏడు గొంతులూ కలిసి, బండి టాపు లేచిపోయేలా.

"అమ్మా, ఎక్కడున్నారు?"

"మార్టూరు దాటాం!" సంతోషకుమారి పాటని మించి అరిచింది. "ఏంటోనే స్తుతీ, పొద్దున్నుంచీ ఒకటే తుమ్ములు. వెనకాల పెట్టిన ఆ స్టెప్నీ దగ్గర ఎవరో మిరపకాయలు దంచినట్టు ఒకటే ఘాటు. పాట ఎత్తుకోవడం, తుమ్మడం. ఇంక పోటీకి పోయి ఏం పాడతామా అని ఏడుపొచ్చింది. ఇప్పుడు దేవుడి దయ వల్ల ఒక్క తుమ్ము లేదు, హాయిగా పాడుకుంటున్నాం!"

"ఇప్పుడెందుకు లేదు?" అంది స్తుతి.

"అది బండిలో లేదుగా! చిలకలూరిపేట దగ్గర ముందు టైరు పంచరైతే మార్క్ దాన్ని ఎక్కించాడు. లేటైందని తొంభైలో పోతున్నాం!"

"అమ్మా, ఫోను మార్క్ చెవి దగ్గర పెట్టు. మార్క్! బ్రేకు తొక్కొద్దు. స్టీరింగు గట్టిగా పట్టుకుని, కాలు మెల్లగా తీసి, పక్కకి..."

"ఏంటక్కా? పాటలో ఏం వినపళ్ళా!"

"పాట ఆపమను!"

అటు నుంచి ఏడు గొంతులూ పాటలో ఎత్తైన చోటికి ఒకేసారి ఎక్కాయి. బాలస్వామి కర్ర వదిలేసి లేచి నిలబడ్డాడు. మార్క్ ఇంకా "ఏంటక్కా, మళ్ళీ చెప్పు" అంటూనే ఉన్నాడు.

పాట ఆగిపోయింది. ఆపమని వాళ్ళకి ఎవరూ చెప్పకముందే ఆగిపోయింది.